ఉట్టిలో బ్యాటరీలు

సోమవారం, పాడేరు

మంచం మీద అన్నీ పరిచాక మా ఇంట్లో ఇన్ని బ్యాటరీలున్నాయా అనిపించింది. ఫోను, చదువుకునే పలక, చెవుల్లో పెట్టుకునేవి, రెండు టార్చిలు, మెడకు తగిలించుకునే చిన్న ఫ్యాను, నాడి చూసే గడియారం. మా ఆయన ముకుందం గడ్డం గీసుకునే మిషను కూడా వాటిలో ఉంది. అదెందుకు తెచ్చావని అడిగితే, "వరసలో బాగుంటుందని" అన్నాడు. కంగారు పుడితే ఆయనకి ఇలాంటి మాటలే వస్తాయి.

వీటన్నిటి పక్కన మట్టిపెట్టె ఉంది. రెండు కొబ్బరికాయలు పట్టేంత పెట్టె. బయట రేకు, లోపల కాల్చిన మట్టి. గాలిఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒకటి ఇస్తారు. వెంట తెచ్చుకునే వస్తువు ఏదైనా సరే, దాని బ్యాటరీ ఊడదీసి అందులో పెట్టాలి, మూత పట్టాలి. పట్టకపోతే ఆ వస్తువు ఇంట్లోనే ఉండిపోతుంది. ఓడ పొట్టలో ఉన్నది హైడ్రోజను కాబట్టి దీని మీద బేరాలుండవు.

నిన్న ఎర్రగట్టు నుంచి రేడియోలో కబురొచ్చింది. ఎర్రమల కొండల మీది ఊరది. పాతకాపులూ, సముద్రం మింగిన పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ కలిసి కట్టుకున్నారు. ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. గాలి ఆగిపోయి గాలిమరలు తిరగడం లేదు కాబట్టి కరెంటూ లేదు. ఎండపలకలు పోయిన ఏడాది వడగళ్ళకు పగిలాయి. బోరు వేసే బండి ఉంది కానీ దానికి నూనె ఒక్క బోరుకే సరిపోతుంది. ఆ ఒక్కటీ ఎక్కడ వెయ్యాలో చెప్పడానికి నేనూ యోహానూ వెళ్తున్నాం. నాది భూగర్భ జలాల సర్వే. యోహానుది తవ్వకం పని. వయసులో నాకంటే చాలా పెద్దవాడు. ఈ కొండల్లో మేమిద్దరం కలిసి తిరగని లోయ లేదు.

మా యంత్రాన్ని నేలచెవి అంటాం. ఇనప మేకులు నేలలో దిగ్గొట్టి వాటి గుండా కరెంటు పంపితే, కింద గట్టి రాయి ఉందో తడి ఉందో అది చెబుతుంది. లోతుకి వినాలంటే గట్టి కరెంటు కావాలి. దాని బ్యాటరీ దిమ్మలు రెండు కట్టలు. ఒక కట్ట నా మట్టిపెట్టెలో, ఇంకో కట్ట యోహాను పెట్టెలో సరిగ్గా కూర్చుంటాయి. పక్కన అగ్గిపుల్ల కూడా దూరదు.

"మరి ఫోను?" అన్నాడు ముకుందం.

"లేదు."

"యోహాను పెట్టెలో?"

"అదీ నిండిపోయింది."

కాసేపు ఫ్యాను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "కట్టలో ఒక్క దిమ్మ తగ్గిస్తే?"

"అవి అతికించి ఉంటాయి. ఊడదీసినా, తగ్గినంత మేర లోతు తగ్గుతుంది. నీళ్ళు ఆ లోతులోనే ఉంటే?"

మా పెళ్ళయ్యాక నేను ఎక్కడికి వెళ్ళినా సాయంత్రం మాట్లాడుకోని రోజు లేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం పైకి అనలేదు. ఆయన బీరువాలోంచి తెల్లకాగితాలు, పెన్సిళ్ళు తెచ్చి నా బట్టల మధ్య పెట్టాడు. "రోజూ నాకు చెప్పేదంతా దీని మీద రాయి. వచ్చాక చదువుకుంటాను," అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. మా శాఖవాళ్ళకి వేరే నివేదిక ఎలాగూ ఇవ్వాలి.

గడ్డం మిషను తిరిగి అలమరలోకి వెళ్ళింది.

మంగళవారం, గాలిరేవు

మా ఓడ పేరు తెల్లకొంగ. కొండ అంచున తాళ్ళతో కట్టేసి ఉంది. పొట్ట కింద వేలాడే గదిలో పదిమందికి చోటు.

పెట్టెలు చూసే బల్ల దగ్గర చాలాసేపు పట్టింది. నా ముందు ఒక కుర్రవాడు, ఓబులేసు అట, ఎర్రగట్టువాడే, ఇక్కడ కాఫీ తోటల్లో పని చేస్తాడు. అక్క పెళ్ళికి వెళ్తున్నాడు. అతని దగ్గర పెళ్ళి తీయడానికి పెద్ద కెమెరా, దానికి మూడు బ్యాటరీలు, ఫోను, కాబోయే బావకని కొన్న మసాజు దిండు ఉన్నాయి. దిండు బ్యాటరీ పెట్టగానే మూత లేచింది. ఫోనుది తీసినా లేచింది.

"దిండు వదిలేయ్," అంది బల్ల దగ్గరి అమ్మాయి.

"కెమెరా వదిలితే మా అక్క సంపుతాది. దిండు వదిలితే మా బావ సంపుతాడు. నువ్వే చెప్పు మేడం, ఎవరి చేతిలో పోవాల?"

చివరికి దిండూ ఫోనూ వదిలి కెమెరా బ్యాటరీలు మూడూ పెట్టుకున్నాడు.

అతని వెనక చక్రాల పెట్టె లాగుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. పేరు సన్యాసమ్మ. చక్రాల పెట్టె ఆవిడ ఊపిరి యంత్రం. గాలిలోంచి మంచి గాలిని వేరు చేసి ముక్కు గొట్టంలోకి పంపుతుంది. పాడేరు మంచుకి ఊపిరితిత్తులు తట్టుకోవడం లేదని, పొడినేల మీద ఉండమని డాక్టర్లు చెప్పారట. ఎర్రగట్టులో కూతురి దగ్గరికి వెళ్తోంది. యంత్రానికి రెండు బ్యాటరీలు, ఒక్కోటి పది రోజులొస్తుంది. రెండూ మట్టిపెట్టెలోకి పోయాయి.

"మరి ఓడలో ఎలాగమ్మా?" అని అడిగాను. ఓడలో కరెంటు ప్లగ్గన్నదే ఉండదు.

"మెదలకుండా కూకుంతాను. మాటాడకుండా కూకోడమే కట్టం," అంది. అన్న వెంటనే మాట్లాడడం మొదలుపెట్టింది.

కెప్టెన్ జుబేదా వచ్చి అందరినీ నిలబెట్టి చెప్పింది. సన్నగా, గంభీరంగా ఉండే మనిషి. అందరి మట్టిపెట్టెలూ ఒక పెద్ద ఉట్టిలో పెట్టి, పొడవాటి తాడుతో ఓడ కింద వేలాడదీస్తారు. ఉట్టికి వేడి తెలిపే గంట కట్టి ఉంటుంది. మధ్యాహ్నం ఒకసారి పైకి లాగి ఎవరి పెట్టె వాళ్ళు చూసుకోవాలి.

"గంట మోగిందంటే తాడు కోసేస్తాను. ఎవరి పెట్టె అని అడగను, ఎవరికి ఏం కావాలని అడగను. ఇప్పుడే చెబుతున్నాను, అప్పుడు నన్ను తిట్టుకోవద్దు," అంది.

యోహాను నా చెవి దగ్గర, "ఈమె కోసిద్దమ్మా. మొహం చూడు," అన్నాడు.

బుధవారం, గాలిలో

గాలి లేదు. ఓడ రెక్కలు తిప్పుకుంటూ నింపాదిగా పోతోంది. కింద నేల గోధుమరంగులో, అక్కడక్కడ పాత రోడ్డు ముక్కలు. చేతిలో ఏ వస్తువూ లేక పొద్దున్నే అందరికీ చేతులు దురద పెట్టాయి. తర్వాత కబుర్లలో పడ్డాం.

ఓబులేసు పెళ్ళి సంగతి చెప్పాడు. అక్క పేరు చౌడేశ్వరి. పెళ్ళి ఆదివారం. "పిలుపులకు పోయినోళ్ళు బొట్టు పెట్టి, ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోండి అని చెప్పినారంటక్కా. మా నాయన ఆ మాట చెప్పలేక ఇంట్లోనే కూర్చున్నాడంట. మా చిన్నాయన పోయి చెప్పొచ్చినాడు."

సన్యాసమ్మ అతని వైపు వంగింది. "పెళ్ళికూతురికి మంగళస్నానం?" అని అడిగింది.

"తడిగుడ్డతో తుడుస్తారంట."

మధ్యాహ్నం ఉట్టి పైకి లాగారు. గది వెనక తలుపు తీస్తే చిన్న వసారా. అక్కడ తోలు తొడుగులు వేసుకుని ఎవరి పెట్టెలు వాళ్ళు చూసుకున్నాం. యోహాను పెట్టె బాగానే ఉంది. నా పెట్టె మూత గొళ్ళెం తీయడానికి బలం పెట్టాల్సి వచ్చింది. తీయగానే మూత దానంతటదే లేచింది.

కట్టలో ఒక దిమ్మ పూరీలా ఉబ్బింది. ముక్కు దగ్గర పెడితే గోళ్ళ రంగు వాసన. ఇంకా వేడెక్కలేదు. తొడుగు తీసి మునివేళ్ళతో చూశాను, గోరువెచ్చన కూడా లేదు.

యోహాను వంగి చూసి, కెప్టెన్‌కి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఆమె వసారా రెండో చివర సన్యాసమ్మ పెట్టె చూస్తోంది.

"రేపు పొద్దున్నే దిగుతాం గదా," అన్నాడు గుసగుసగా. "మూతకి తాడు బిగించి కట్టేద్దాం. ఒక్క రాత్రి. ఇది పోతే అక్కడికి ఎందుకు పోతున్నట్టు మనం?"

అదే మాట నాలోనూ తిరుగుతోంది. ఎర్రగట్టులో వాళ్ళు మా కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఈ దిమ్మ రేపటిదాకా ఇలాగే ఉండిపోవచ్చు. నేను చూసిన ఉబ్బిన బ్యాటరీల్లో సగం అలాగే ఉండిపోయాయి.

"మిగతా సగం?" అన్నాను పైకే.

"ఏంది?"

"వేడెక్కితే గంట మోగుతుంది. ఉట్టంతా పోతుంది. ఆవిడ ఊపిరి బ్యాటరీలు కూడా పోతాయి యోహానూ."

అతను వెనక్కి తిరిగి చూశాడు. సన్యాసమ్మ తన రెండు బ్యాటరీలనీ కొంగుతో తుడిచి పెట్టెలో పడుకోబెడుతోంది. యోహాను పక్కకి తప్పుకున్నాడు. నేను కెప్టెన్‌ని పిలిచాను.

ఆమె వచ్చి చూసింది. కోప్పడలేదు. "విడదీయగలరా?" అని అడిగింది.

"లేదు. లోహపు పట్టీతో అతికించి ఉన్నాయి. కోస్తే నిప్పురవ్వ లేస్తుంది."

"అయితే కట్ట మొత్తం పోవాలి. రెండో కట్ట?"

"దానికేం కాలేదు."

"ఒకే చోట కొన్నవేనా? ఒకే వయసువా?"

"అవును."

"కుముదిని గారూ, అది కూడా ఇలా అవదని మీరు పూచీ ఇవ్వగలరా? మీరు ఇస్తానంటే ఉంచుతాను. దీని గురించి నాకంటే మీకే తెలుసు."

ఆమె అలా నా మీద పెట్టకపోతే బాగుండేది. వద్దని తనే అంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. యోహాను నా మొహంలోకి చూడకుండా దూరంగా కొండల్లోకి చూస్తున్నాడు.

"ఇవ్వలేను," అన్నాను.

ఓడని ఒక ఎండిన జలాశయం మీదికి తిప్పారు. కింద మనిషి జాడ లేదని దుర్భిణితో చూశాక రెండు పెట్టెలూ యోహానుకిచ్చారు. అతను ఒకటి తర్వాత ఒకటి వదిలాడు. నా పెట్టె బీటలు వారిన మట్టిలో పడిన చోట ముందు ఏమీ కాలేదు. తర్వాత తెల్లటి పొగ, దాని మధ్యలో ఎర్రటి మంట. ఓబులేసు "అమ్మో" అన్నాడు. రెండో పెట్టె మాత్రం పడ్డ చోట మామూలు రాయిలా ఉండిపోయింది. నేను దానివంకే చూస్తూ నిలబడ్డాను.

సన్యాసమ్మ నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయాసపడుతూనే నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గురువారం, ఎర్రగట్టు

దిగడానికి చోటు సరిచేసే వరకు ఊరి చుట్టూ చాలా చుట్లు తిరిగాం. పైనుంచి ఊరంతా కనబడింది. ఎర్రటి రాతి ఇళ్ళు, కదలని గాలిమరలు, ఖాళీ తొట్టి. ఊరికి పడమర పల్లంలో నల్లటి రాళ్ళు ఒకదాని వెనక ఒకటి వరసగా, నేలలోంచి కొద్దిగా తలెత్తి అడ్డంగా పోతున్నాయి. దగ్గర నిలబడితే అది వరస అని తెలియదు.

ఊరి నీటి పనులు చూసే మద్దిలేటి అనే పెద్దాయన ముందుకొచ్చాడు. వెనక ఊరంతా ఉంది. ముందుగా మాకు తలా ఒక చెంబు నీళ్ళు ఇచ్చారు. ఆ చెంబు పట్టుకుని నేను జరిగింది చెప్పాను. యంత్రం ఉంది, మేకులున్నాయి, తీగలున్నాయి, కరెంటు లేదు. ఓడ రేడియోలో మా ఊరికి కబురు పెడితే ఇంకో కట్ట తర్వాతి ఓడకి వస్తుంది. తర్వాతి ఓడ పదిహేను రోజులకి.

మద్దిలేటి, "పదైదు రోజులకు తొట్టిలో ఏముండదు తల్లీ. అంతదాంక ఆగలేం. నీళ్ళు తాగు ముందు," అన్నాడు.

ఊళ్ళో ఫోన్లూ దీపాలూ ఉన్నాయి కానీ గాలిమరలు ఆగిన నాటి నుంచీ అన్నీ చచ్చిపడి ఉన్నాయి. వాళ్ళ రేడియోలో మిగిలిన చార్జీ మాకు కబురు పంపడానికే సరిపోయిందట. చార్జీ మిగిలిన బ్యాటరీలంటే ఓడ మీద వచ్చినవే. ఆ సంగతి నాకంటే ముందు ఓబులేసుకి తట్టింది. తన మట్టిపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇవి పనికొస్తాయా అక్కా?"

"కెమెరావి కదా. పెళ్ళో?"

"పెళ్ళి కండ్లతో చూస్తాంలే. నీళ్ళు పడితే ఇంకేం గావాల?"

పనికొస్తాయా అంటే, వస్తాయి. నేలచెవికి ఇదే బ్యాటరీ కావాలని లేదు. చిన్నవాటిని ఒకదాని తోకకి ఇంకోదాని తల కలుపుతూ దండ గుచ్చినట్టు గుచ్చితే కరెంటు బలం పెరుగుతుంది. కానీ తొందరగా నీరసిస్తుంది. అందరి దగ్గరా దొరికేవి కలిపితే ఏ రెండు మూడు చోట్లో వినగలం. ఊరంతా వినడం కుదరదు.

కెప్టెన్ జుబేదా తన మట్టిపెట్టె తెచ్చింది. అందులో ఉన్నది చిన్న కుట్టుమిషను బ్యాటరీ. పర్రున కుట్టేసే ఆ మిషనుతో ఆవిడ దిగిన ఊళ్ళో రాత్రులు బొంతలు కుడుతుందట. మా కళ్ళు చూసి, "నేల మీద నా రూలు లేదు కదా," అంది. మిగతా ప్రయాణికులు కూడా ఫోన్లవీ టార్చిలవీ తెచ్చారు. ఒకాయన ఇవ్వలేదు. ఆయనది వినికిడి పరికరం. ఇస్తానన్నా మేం తీసుకునేవాళ్ళం కాదు.

సన్యాసమ్మని అప్పటికే కూతురు ఇంటికి తీసుకుపోయింది. నాకు అదే నయమనిపించింది.

శుక్రవారం

పొద్దున్నే యోహానూ నేనూ అరుగు మీద కూర్చుని బ్యాటరీలు గుచ్చాం. ఏ రెండూ ఒకేలా లేవు. అల్లుకున్న తీగలతో అది తోరణంలా తయారైంది.

మొదటి చోటు పాత బోరు పక్కన. ఊరివాళ్ళ నమ్మకం అక్కడే. మేకుల మధ్య దూరం పెంచేకొద్దీ ఇంకా లోతుకి వినబడుతుంది, అలా జరుపుతూ విన్నాం. లోతుకి పోయేకొద్దీ గట్టి రాయి, ఇంకా గట్టి రాయి. అక్కడ తవ్వితే దుమ్మే.

రెండో చోటు వాగు గట్టు. అక్కడ నేలచెవి ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. తడి ఉంటే అలాగే పడుతుంది. ఓబులేసు కేక పెట్టాడు. మద్దిలేటి మాత్రం నేల గీకి మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "ఉప్పు చౌడు తల్లీ. దీంట్లో పైరే రాదు," అన్నాడు. ఉప్పు నేల కూడా కరెంటును తడినేల లాగే లాగుతుంది. అది నాకూ తెలుసు. ఆశకొద్దీ మర్చిపోయాను. ఇంకాస్త లోతుకి విన్నాం. కింద మళ్ళీ రాయే.

అప్పటికి బ్యాటరీల దండ సగానికి పైగా నీరసించింది. నేను ఓడ మీంచి చూసిన నల్లరాళ్ళ వరస గురించి చెప్పాను. భూమి లోపల ఆ నల్లరాయి గోడలా ఉంటుంది. ఎగువ నుంచి రాళ్ళ పగుళ్ళలో జారి వచ్చే నీటికి అది ఆనకట్ట. గోడకి ఎగువ పక్క వినాలి. కానీ ఈ దండతో అంత లోతుకి వినబడదు.

మధ్యాహ్నం సన్యాసమ్మ కూతురు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగులోంచి ఒక బ్యాటరీ తీసి ఇచ్చింది. "మా అమ్మ ఇమ్మంది. వద్దంటే అన్నం మానేసి కూర్చుంది."

నేను దాన్ని తీసుకుని నేరుగా సన్యాసమ్మ దగ్గరికి వెళ్ళాను. మంచం మీద ముక్కు గొట్టంతో కూర్చుని ఉంది. రంగు తేరుకుంది.

"ఇది నేను తీసుకోనమ్మా."

"ఏటి తీసుకోవు? నాకు రెండున్నాయి. ఒకటి మిసనులో ఉంది. అది అయ్యేలోగా గాలొస్తే సార్జి పెడతారు."

"గాలి రాకపోతే?"

"మొన్న ఆ పెట్టెలు నువ్వు ఉంచీసుకుంటే నాకు ఈ రెండూ ఉండేవా? నాకు తెలీదనుకున్నావా? ఆ కెప్టెనమ్మ సెప్పింది." ఊపిరి కోసం ఆగింది. "ఈ ఊర్లో నీరు లేకపోతే నా కూతురు ఎల్లిపోవాల. నాను మల్లీ మంచులోకి ఎల్లాల. ఆ మంచు గాలి నాకొద్దు. తీసుకెల్లు."

కూతురు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నేను ఒక మాట చెప్పాను. ఆ బ్యాటరీ మీద చార్జీ చూపించే గీతలున్నాయి. సగం గీతల దాకా వాడతాను. సగం రాగానే, ఎక్కడున్నా సరే, ఆపేసి తెచ్చి ఇస్తాను. దానికి కూతుర్ని కూడా నాతో రమ్మన్నాను. గీతలు ఆమే చూడాలి.

"అలగే కానీ," అంది సన్యాసమ్మ.

ఎండ వాలుతుండగా నల్లరాళ్ళకు ఎగువన మేకులు కొట్టాం. ఆమె బ్యాటరీ చేర్చగానే నేలచెవి తేరుకుంది. మొదట ఎండుమట్టి. తర్వాత రాయి. ఇంకా దూరం జరిపాం. లోతున ముల్లు కొద్దిగా వాలింది. ఇంకొంచెం జరిపితే ఇంకొంచెం వాలింది. రెండు మేకులు మరో అడుగు దూరం జరిపి వింటే గట్టిగా చెప్పగలను.

"సగమైంది," అంది కూతురు చిన్నగా.

యోహాను నావంక చూశాడు. నేను తీగ ఊడదీసి బ్యాటరీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె పరుగున వెళ్ళిపోయింది.

"ఎట్టా మరి?" అన్నాడు యోహాను.

"ఇక్కడే వేద్దాం."

"నమ్మకమేనా?"

"సగం," అన్నాను. "నువ్వేమంటావు?"

అతను కిందికి వంగి మేకులు పీకడం మొదలుపెట్టాడు. "నీ సగం నాకు చాలమ్మా. మొన్న ఆ పెట్టెలు పడేసినప్పుడు నీ మీద కోపమొచ్చింది, చెప్పలేదు. పొగ చూసినాక కోపం పోయింది. పద, బండి తోలుకొద్దాం."

శనివారం

బండి మొరాయించింది, దగ్గింది, చివరికి కదిలింది. పొద్దున మొదలుపెట్టాం. ఊరంతా గొడుగులు వేసుకుని చుట్టూ కూర్చుంది. కెప్టెన్ జుబేదా కూడా ఓడ ఆపుకుని వచ్చింది. గాలి లేదు కాబట్టి ఆగానంది. గాలి లేకపోయినా ఓడ నడుస్తుందని అందరికీ తెలుసు.

ఎర్రదుమ్ము. తర్వాత బూడిద దుమ్ము. యోహాను ప్రతి గొట్టానికీ గుప్పెడు పొడి పట్టి వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు. నేను అతని మొహం చూస్తున్నాను. ముక్కుకు తుండు కట్టుకోవడంతో కళ్ళు తప్ప ఏమీ కనబడవు. గొట్టం మీద గొట్టం దిగుతోంది. నూనె తొట్టి మీద మద్దిలేటి పుల్ల పెట్టి కొలుస్తున్నాడు, ఎవరికీ చెప్పడం లేదు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. నేను ఎండలోనే నిలబడ్డాను. నీడలోకి వెళ్తే వీళ్ళ కళ్ళల్లోకి చూడాలి. రెండు మేకులు మరో అడుగు జరిపి ఉంటే, అనే మాట వదలడం లేదు. సన్యాసమ్మ బ్యాటరీ ఇంకో గీత పోయినా ఏమయ్యేది? ఆ మాట కూడా వచ్చింది. రాసెయ్యడమే మంచిది.

దుమ్ము రావడం ఆగింది. గొట్టం చుట్టూ ముద్దలు పడ్డాయి. యోహాను ముద్ద తీసి పిండాడు. తుండు కిందికి లాగాడు.

"తడి," అన్నాడు. "అరవబాకండి. ఇంకా నీళ్ళు కాదు."

ఎవరూ అరవలేదు. వెళ్ళినవాళ్ళంతా ఎప్పుడు తిరిగొచ్చారో తెలియదు, మా వెనక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఇంకో గొట్టం వేశారు. బండి శబ్దం మారింది. కింద ఏదో జాగా దొరికినట్టు గొట్టం ఒక్కసారి జారింది. తర్వాత బుస కొట్టినట్టు మోగి, ఎర్రటి నీళ్ళు మనిషెత్తున లేచి యోహాను నెత్తిన పడ్డాయి.

అప్పుడు అరిచారు. కెప్టెన్ జుబేదా నన్ను కావలించుకుంది. ఆవిడ అలా చేస్తుందని నేను అనుకోలేదు, ఆవిడా అనుకుని ఉండదు. మద్దిలేటి దోసిలి పట్టి తాగబోయి, బురదని చూసి ఆగి, మళ్ళీ తాగేశాడు.

"తీపి నీళ్ళప్పా," అన్నాడు. తర్వాత చేత్తో అంచనా కట్టి, "రెండించిల ధారకు తగ్గవు," అన్నాడు. ఆయన నవ్వడం అప్పుడే చూశాను. పైన ఒక పన్ను లేదు.

నేను బండి చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

ఆదివారం

గాలి ఇంకా రాలేదు. కరెంటు లేదు కాబట్టి పంపు లేదు. బోరులోకి పొడుగాటి రేకు గొట్టం దించి, నిండాక పైకి లాగి పోసుకుంటున్నారు. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. వంతు కానివాళ్ళు కూడా వచ్చి తాడు పట్టుకుంటున్నారు.

పొద్దున కెప్టెన్ తన ఓడ రేడియోలో పాడేరుకి కబురు పంపింది. పక్క గట్టు ఊరివాళ్ళు రాత్రే నడిచి వచ్చారు, తమ ఊళ్ళో కూడా వినమని. కొత్త కట్ట వచ్చే వరకు నేనూ యోహానూ ఇక్కడే ఉంటాం. ముకుందానికి నేను క్షేమమనీ, ఆలస్యమవుతుందనీ చెప్పించాను. ఆయన దగ్గర నుంచి బదులొచ్చింది: "కాగితాలు సరిపోతాయా?" కెప్టెన్ అది చదివి ఏదో రహస్య సంకేతమేమోనని రెండుసార్లు అడిగింది.

సన్యాసమ్మ యంత్రంలో బ్యాటరీ ఇంకా పనిచేస్తోంది. రెండోది సగంతో గూట్లో ఉంది. కూతురు దాన్ని గంటకోసారి చూసుకుంటోంది. ఓడ వెళ్ళగానే పాడేరు నుంచి మరో రెండు పంపించే పూచీ కెప్టెన్ తీసుకుంది.

పెళ్ళివారు నన్ను లోపలికి పిలిచారు. పెరట్లో పీట వేసి చౌడేశ్వరిని కూర్చోబెట్టారు. పక్కన గంగాళం నిండా బోరు నీళ్ళు. నీళ్ళు తేరేదాకా ఆగమని ఎవరో అంటే, ముహూర్తం ఆగదని పెళ్ళికూతురి తల్లి కోప్పడింది. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, భూమి లోపలి వెచ్చదనం ఉంది.

మొదటి చెంబు సన్యాసమ్మ చేత పోయించారు. చక్రాల పెట్టె కూతురు పట్టుకుంటే ఆవిడ నెమ్మదిగా వంగి పోసింది. నాలుగు చెంబులు పోసి ఆయాసపడుతూ పక్కకి జరిగి, నన్ను పొయ్యమంది. ఓబులేసు గోడ మీద కూర్చుని ఏవేవో కేకలు వేస్తున్నాడు. పెళ్ళికూతురు ముందు ఒద్దికగా తల వంచుకుని కూర్చుంది. పదో చెంబుకో పన్నెండో చెంబుకో తల పైకెత్తి, "ఇంగా పోయండి," అంది.

ముత్తైదువులు నవ్వారు. పసుపు ఏదో బురద ఏదో తెలియకుండా ఆమె ఒళ్ళంతా రంగయింది. తల్లి వద్దు వద్దంటూనే ఇంకో బిందెడు తెచ్చింది. నీళ్ళు పీట కింద నుంచి పారి, పెరడు దాటి, వీధిలోకి పోయాయి. వీధిలో పిల్లలు చెప్పులు విప్పి ఎదురొచ్చారు.